రేడియం షాపు డీవీడీ

చేపల వేట నిషేధం ముగిసే వారం వచ్చిందంటే మా విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్లో బోట్లన్నీ పెళ్లికొడుకులైపోతాయి. పాచి గీకడం, రంగులు వేయడం, ఇంజన్లు విప్పి మళ్లీ బిగించడం, వలలు బాగుచేసుకోవడం ఒక ఎత్తు. చివర్లో పేరూ నంబరూ అంటించడం ఒక్కటీ ఒక ఎత్తు. చీకట్లో టార్చి వెలుగు పడితే మెరవాలి కాబట్టి ఆ అక్షరాలను రేడియం స్టిక్కరులో కత్తిరించి అంటిస్తారు. పేరు పడేదాకా ఎంత కొత్త రంగు వేసినా అది బోటు కాదు, తేలే చెక్క.

ఆ అక్షరాల్లో చాలావరకు వన్ టౌన్లో మా వీధి చివరనున్న ఒక రేడియం షాపు నుంచే వెళ్లేవి. షాపు నా స్నేహితుడిది. వాళ్ల నాన్నగారు బ్రష్షు పట్టి బోట్ల మీద పేర్లు రాసేవారు. ఇతను బ్లేడు పట్టి స్టిక్కర్లు కోశాడు. తర్వాత ఒక కటింగ్ మిషన్ కొన్నాడు. కంప్యూటర్లో అక్షరం టైపు చేస్తే ఈ మిషన్ సన్నటి కత్తితో రేడియం షీటు మీద అచ్చం అలాగే కోస్తుంది. నేనతన్ని భాయ్ అంటాను, అతను నన్ను బావ అంటాడు. మతాలు వేరైనా మా ఊళ్లో ఇది ఇబ్బందేమీ కాదు. ఇక్కడ పరిచయమైన అరగంటకల్లా మగవాళ్లు బావలైపోతారు.

సరిగ్గా ఆ వారంలోనే భాయ్ కంప్యూటర్ చచ్చిపోయింది.

మా ఊళ్లో సముద్రపు గాలి తినని వస్తువు లేదు. తలుపు గడియల్ని తింటుంది, ఫ్యాన్లను తింటుంది, ఓపిక పడితే స్కూటర్ని కూడా తినేస్తుంది. డబ్బా మూత విప్పి చూస్తే లోపల మదర్‌బోర్డు రాగి చెంబుకి చిలుం పట్టినట్టు పచ్చగా ఉంది. దాంతోపాటు హార్డ్ డిస్కు కూడా పోయింది. పాత సామాన్ల దుకాణం నుంచి వేరే బోర్డు, వేరే డిస్కు తెచ్చి బిగించాం. ఇక మిగిలింది అందులో మళ్లీ విండోస్ ఎక్కించడమే.

"ఎంతసేపు పడతాది బావ?" అన్నాడు భాయ్.

"ఓ గంట" అన్నాను.

ఆ మాట నేను సోమవారం అన్నాను.

నేను చదివింది కంప్యూటర్ సైన్సు. చేస్తున్నది పోర్టులో దిగే సరుకులకు కాగితాలు సిద్ధం చేసే ఉద్యోగం. నా చదువుకీ ఉద్యోగానికీ ఉన్న సంబంధమల్లా, రెండూ ఒకే మనిషి దగ్గర అద్దెకు ఉంటున్నాయి. అయినా వీధిలో ఎవరి ఫోను మొరాయించినా నన్నే పిలుస్తారు. ఒకసారి మిక్సీ కోసం కూడా పిలిచారు. వెళ్లాను.

భాయ్ మిషన్‌తో వచ్చిన సాఫ్ట్‌వేరు విండోస్ సెవెన్ మీద తప్ప పనిచేయదు. అమ్మినవాడు దుకాణం కట్టేసి చాలాకాలమైంది కాబట్టి కొత్తది ఇమ్మని అడగడానికి మనిషి లేడు. విండోస్ సెవెన్ అసలు డీవీడీ భాయ్ బీరువాలో భద్రంగా ఉంది, దాని లైసెన్సు స్టిక్కరు డబ్బా పక్కన అతికించే ఉంది. డిస్కు పెట్టాను. నీలం తెర వచ్చింది. మధ్యలో 'ఇన్‌స్టాల్ నౌ' అని బటన్ వచ్చింది. దాన్ని నొక్కాలి. నొక్కడానికి మౌసు కదల్లేదు. సరే, కీబోర్డుతో కానిద్దామంటే అదీ కదల్లేదు.

కారణం చెప్పుకోవాలంటే పెద్ద వింతేమీ కాదు. ఆ డిస్కు తయారైననాటికి ఈ బోర్డు మీదున్న కొత్తరకం యూఎస్‌బీ పోర్టులు ఇంకా పుట్టలేదు. పుట్టని బిడ్డని గుర్తుపట్టమంటే ఎవరు మాత్రం గుర్తుపడతారు? ఆ పోర్టులతో ఎలా మాట్లాడాలో చెప్పే చిన్న ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు, డిస్కులో లేవు. మౌసూ కీబోర్డూ ఆ పోర్టులకే తగిలించాలి. పెన్‌డ్రైవ్ కూడా అక్కడే పెట్టాలి కాబట్టి ఆ దారీ లేదు. గుండ్రటి పిన్ను ఉండే పాతకాలపు కీబోర్డు పట్టే బోర్డయినా అయ్యుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

గుమ్మంలో మాట వినిపించింది. "ఏటి బాబూ, ఏటంతంది ఆ పెట్టి?"

జాలరిపేట నుంచి వచ్చే అప్ప ఆవిడ. మావైపు అక్కని అప్ప అంటారు. ఆవిడ మా అందరికీ అప్పే. ఆవిడకో సొంత బోటుంది. భర్త పోయాక బోటుని ఆవిడే నడిపిస్తోంది, ఒడ్డు మీద నుంచి. పొద్దున్నే నిషేధం వర్తించని చిన్న తెప్పల మీద వచ్చిన చేపల్ని వీధుల్లో అమ్మి, మధ్యాహ్నం బుట్ట పక్కన పెట్టుకుని భాయ్ షాపులో స్టూలు మీద కూర్చుని తన బోటు పేరు కోసం అడగడం ఆ వారం ఆవిడ దినచర్య.

"డ్రైవర్లు లేరంటోంది అప్పా" అన్నాను.

"ఓలమ్మ. దానిక్కూడానా? మా బోటుకీ మొన్నటిదాకా లేడు. తాగి పడిపోతే కొత్తోణ్ని ఎట్టినాను."

"అప్పా, ఆ డ్రైవరు కాదు" అన్నాడు భాయ్.

"ఏ డ్రైవరైతే ఏటి? తాగకుండా వత్తే సాలు."

ఆవిడ వెళ్లాక భాయ్ షట్టరు సగం దించాడు. టీ వచ్చింది. భాయ్ టీ గ్లాసు ఎప్పుడూ సగానికే పోయించుకుంటాడు. ఎందుకంటే 'సగం తాగితే సుగరు పెరగదు' అంటాడు. కొన్నేళ్లుగా అతని చేతులు వణుకుతున్నాయన్న సంగతి వీధంతటికీ తెలుసు. అందరం సుగరనే నమ్ముతాం.

"శుక్రవారం నమాజయ్యాక పాతినుము కొనే ఆయన్ని రమ్మన్నాను బావ" అన్నాడు. "మిషన్ ఒట్టుకుపోతాడు."

"మిషన్‌కేం భాయ్, బంగారంలా ఉంది. పోయింది కంప్యూటరు."

"గుర్రం బాగానే ఉన్నాది. కళ్లెం తెగిపోనాది. గుర్రాన్ని షాపులో కట్టుకుని సూత్తా కూర్సోనా?"

"శనివారం బోట్లు వేటకెళ్లే నాటికి అక్షరాలు ఇవ్వకపోతే ఏమవుతుంది?"

"బోట్లన్నీ పై ఈదిలో కొత్త ఫ్లెక్సు షాపుకి ఎల్తాయి. ఒకసారి ఎల్లిన బోటు మళ్లీ మన రేవుకి రాదు." గ్లాసు కింద పెట్టాడు. గ్లాసు బల్ల మీద చిన్నగా టకటకలాడింది. "బ్లేడుతో కోద్దామంటే, మరి సుగరు కదా."

అదీ సంగతి. ఆ మిషన్ అతని చెయ్యి. శుక్రవారం నమాజు అయ్యేలోపు అది మళ్లీ అక్షరం కొయ్యాలి. లేకపోతే చెయ్యి తూకానికి పోతుంది, షాపు ఎవరో సెల్‌ఫోన్ కవర్లవాడికి అద్దెకు పోతుంది.

ఇంటికి నడుస్తుంటే సగం దారిలో నాకో ఆలోచన తగిలింది. నేను కొద్దిగా సంతోషించాను. అంటే నడివీధిలో ఆగి చప్పట్లు కొట్టాను. ఎదురొస్తున్న ఆటో అతను ఎక్కుతానేమో అనుకుని ఆగాడు.

ఆలోచన ఇది. డిస్కులో డ్రైవర్లు లేకపోతే, డ్రైవర్లున్న డిస్కు నేనే తయారుచేస్తాను. పాత డీవీడీలోని సరుకంతా నా ల్యాప్‌టాప్‌లోకి దించుకుని, విప్పి, అందులో కొత్త పోర్టుల డ్రైవర్లు కలిపి, ఆ తర్వాత వచ్చిన అప్‌డేట్లన్నీ కూడా కలిపేసి, మళ్లీ మూటగట్టి, కంప్యూటర్ దానంతట అది లేచి చదువుకునేలా కొత్త డిస్కు మీదికి ఎక్కించడం. అప్‌డేట్లు ఎందుకంటే, భాయ్ సాఫ్ట్‌వేరు అప్‌డేట్లు లేని విండోస్ మీద ఎక్కనని మొండికేస్తుంది. పోనీ ఎక్కించాక నెట్ నుంచి తెచ్చుకుందామంటే ఆ షాపు గోడలు రాతి కాలం నాటివి, లోపల ఫోను సిగ్నలు గుమ్మం దాటి రాదు.

మర్నాడు పొద్దున్నే షాపు తీస్తుండగా వెళ్లి భాయ్‌కి చెప్పాను. గోడలు కట్టేశాక చీల్చి కరెంటు పైపులు వేయడం ఒక పద్ధతి, కడుతున్నప్పుడే వేసేయడం ఇంకో పద్ధతి అని మొదలుపెట్టాను.

"ఆగాగు" అన్నాడు. "బిర్యానీ ఒండీసి పైన మసాలా జల్లడం కాదు. ముక్కకి ముందే పట్టించి నానబెట్టడం. అంతేనా?"

"అంతే."

"ఇదంతా సెప్పడానికి గోడెందుకు కట్టినావు బావ?"

ముందు ఖాళీ డీవీడీలు కావాలి. ఈ రోజుల్లో దుకాణంలో ఖాళీ డీవీడీ ఉందా అని అడిగితే ఎడ్లబండి చక్రం ఉందా అని అడిగినట్టు చూస్తారు. ఒకతను లోపలికి వెళ్లి వాళ్ల నాన్నగారిని పిలుచుకొచ్చాడు, ఆయనకైతే అర్థమవుతుందని. చివరికి ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ దగ్గర దొరికాయి. పెళ్లి వీడియో డిస్కులో ఇస్తే తప్ప పెళ్లయినట్టు ఒప్పుకోని మేనత్తలు ఇంకా ఉన్నారట, వాళ్ల కోసం ఉంచుకున్నాడు. అడుగున మూడే మిగిలాయి. మూడూ ఇచ్చేశాడు.

ఇక ఆ పని మొదలుపెట్టినప్పుడు నాకు కలిగిన ఉత్సాహం గురించి కాస్త తగ్గించే చెబుతాను. స్నానం చేయడం మరిచిపోయి ఆఫీసుకి వెళ్లాను.

మీరెప్పుడైనా మూసేసిన ఆపరేటింగ్ సిస్టమ్‌ని మీ సొంత ఫోల్డర్లో విప్పుకుని చూశారా? అన్నేళ్లు మనల్ని పాస్‌వర్డ్ అడిగి, ఆగమని, మళ్లీ మొదలుపెట్టమని ఆజ్ఞాపించిన పెద్దమనిషి నేల మీద చాప పరుచుకుని నిద్రపోతున్నట్టు ఉంటుంది. ఇప్పుడు ఆయన జేబులో మనకిష్టమైంది పెట్టొచ్చు. నల్లటి కిటికీలో ఒక్కో కమాండు కొడుతుంటే తెల్లటి గీత మెల్లగా కుడివైపుకి జరుగుతుంది. పది శాతం. ఇరవై శాతం. ఆ గీత జరుగుతున్నంతసేపూ నేను ఊపిరి పీల్చుకోవడం కూడా జాగ్రత్తగా చేశాను.

అప్‌డేట్లకు ఒక వరస ఉంటుంది. కొన్ని పెళ్లి పందిట్లో పెద్ద బావగార్ల లాంటివి. తమకంటే ముందు ఇంకెవరినైనా కూర్చోబెడితే విస్తరి ముందు నుంచి లేచిపోతాయి. ఒకటి అలాగే లేచిపోయింది. ఏమి మర్యాద తక్కువైందో వెతికి, దానికంటే ముందు రావలసిన దాన్ని తెచ్చి కూర్చోబెట్టి, మళ్లీ పిలిస్తే వచ్చింది. ఇంకో చిక్కు కూడా వచ్చింది. అన్నీ కలిపేసరికి సరుకు ఉబ్బి డీవీడీలో పట్టనంత అయింది. అసలు డిస్కులో రకరకాల విండోస్‌లుంటాయి, ఇంటివాళ్లకొకటి, ఆఫీసులవాళ్లకొకటి. భాయ్ లైసెన్సుకి సరిపోయేది ఒక్కటి ఉంచి మిగిలినవన్నీ తీసేశాను. అప్పుడు డిస్కులో చోటు కూడా మిగిలింది.

"ఏం చేస్తున్నారు పొద్దున్నే?" అని మా ఆవిడ అడిగింది.

"పాత విండోస్‌కి కొత్త అప్‌డేట్లు పట్టిస్తున్నాను."

"గీజరు నాలుగు రోజుల్నుంచి పనిచేయట్లేదు" అంది. ఆ రెండు వాక్యాలకీ సంబంధం ఏమిటో నేను అడగలేదు.

మొదటి డీవీడీ బుధవారం సాయంత్రం షాపులో పెట్టాను. కంప్యూటర్ దాన్ని పట్టించుకోనే లేదు. తయారుచేసిన మూటని డిస్కు మీద విప్పి పరచాల్సింది పోయి, మూటని మూటలాగే ఒక ఫైలుగా పెట్టేశాను. ఆకలేసినవాడికి క్యారేజీ పంపినట్టే ఉంది గానీ మూత తీసేందుకు వీల్లేదు. కాలేజీలో నాకు ఈ సబ్జెక్టులో మంచి మార్కులొచ్చాయి. ఆ సంగతి భాయ్‌కి అప్పుడు చెప్పలేదు.

అక్కడే ల్యాప్‌టాప్‌లో సరిచేసి ఎక్కించిన రెండో డీవీడీతో కంప్యూటర్ లేచింది. నీలం తెర వచ్చింది. భాయ్ నా భుజం పట్టుకున్నాడు. 'ఇన్‌స్టాల్ నౌ' వచ్చింది. మౌసు కదిపాను. బాణం గుర్తు తెర మీద మేకు కొట్టినట్టు నిలబడి ఉంది.

అప్పుడు అర్థమైంది. ఆ డిస్కులో రెండు ఇళ్లుంటాయి. ఒకటి మనం చివరికి కాపురముండే విండోస్. రెండోది దాన్ని లోపలికి మోసుకెళ్లే కూలీది. కూలీ అంటే ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్. దానికి తనదైన చిన్న విండోస్ ఒకటి వేరే ఉంటుంది. నేను డ్రైవర్లన్నీ పెద్దింట్లో పెట్టాను. కూలీకి పెట్టలేదు. పెద్దిల్లు ఎంత బాగుంటే ఏం, మోసేవాడు గుమ్మంలోనే కళ్లు కనపడక నిలబడిపోయాడు.

"ఇంకెన్ని ఉన్నాయి?" అన్నాడు భాయ్.

"ఒకటి."

అతను మిషన్ మీద కప్పిన గుడ్డ జారితే సర్ది, మళ్లీ కప్పాడు.

గుమ్మం దగ్గర అప్ప బుట్ట ఎత్తుకుంటూ ఆగింది. "నాను మాత్రం పై ఈదికి ఎల్లను. మా బోటుకి మొదట్నుంచీ మీ అయ్య రాసినాడు, తరవాత నువ్వు. ఆ కొత్త షాపోడు పేరెలా ఏత్తాడో సూసేవా? అచ్చరాలకి ఈకలూ తోకలూ ఎడతన్నాడు. బోటంతావా, కోడంతావా?"

"బేగి ఇయ్యకపోతే ఏటి సేత్తావప్పా?" అన్నాడు భాయ్.

"బొగ్గెట్టి రాసుకుంతాను" అని వెళ్లిపోయింది.

గురువారం పొద్దున్నే లేచి రెండిళ్లలోనూ డ్రైవర్లు పెట్టాను. ఈసారి పట్టుదలకి పోలేదు, భయంతో చేశాను. భయంతో చేసినప్పుడు నేను మంచి ఇంజనీర్ని. ఆఖరి డిస్కు మీద ఎక్కించే ముందు ల్యాప్‌టాప్‌లోనే ఒక ఉత్తుత్తి కంప్యూటర్ సృష్టించి అందులో మూటని నడిపి చూశాను. లేచింది, ఎక్కింది, పెద్ద బావగార్లందరూ వరసలో కూర్చున్నారు. అయితే భాయ్ బోర్డు మీది పోర్టులు పనిచేస్తాయా లేదా అన్నది మాత్రం భాయ్ బోర్డే చెప్పాలి.

శుక్రవారం సగంరోజు సెలవు పెట్టాను. కారణం దగ్గర 'వ్యక్తిగతం' అని రాశాను. అంతకంటే వ్యక్తిగతమైన పని నాకు ఆ ఏడాదిలో లేదు.

నేను వెళ్లేసరికి భాయ్ నమాజుకి వెళ్లాడు. షాపులో అప్ప స్టూలు మీద ఉంది. డిస్కు గీతలు పడకుండా మెరిసేవైపు పైకి ఉండేలా బల్ల మీద పెట్టి, మిషన్ కేబుల్ తగిలించడానికి నేను బల్ల కిందికి దూరాను. కేబుల్ చివర కూడా చిలుం పట్టి ఉంది. తుడిచి, మరలు బిగించి, మోకాళ్ల మీద పాక్కుంటూ పైకి వచ్చాను.

డిస్కు చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు పసుపు బొట్లు. ప్రతి పసుపు మీదా చక్కటి కుంకుమ.

అప్ప నడుముకున్న సంచి మూతి ముడివేసుకుంటోంది. ఆ వారమంతా ఆ సంచిలో పసుపూ కుంకుమా పెట్టుకుని తిరుగుతోంది. నిషేధం అయ్యాక మొదటిసారి నీళ్లలోకి వెళ్లే ఏ వస్తువుకైనా బొట్టు పెట్టనిదే వాళ్లు బోటు ఎక్కనివ్వరు.

"అప్పా" అన్నాను. "ఏం చేశావు?"

"ఏటి సేసినాను? కొత్త వస్తువు కదా. ఇంజనుకి ఎట్టినాను, వలకి ఎట్టినాను, బోట్లో దారి సూపే పెట్టికి ఎట్టినాను. దీనికొక్కదానికీ ఎందుకు మానీమంతావు?"

"కంప్యూటరు చదివేది ఇటువైపే."

"అందుకే అటేపు ఎట్టినాను. మొకం మెరుత్తంది కదేటి. మొకానికి బొట్టెడతారా, ఈపుకెడతారా?"

డిస్కు ఎత్తి చూశాను. పసుపు తడపడానికి ఆవిడ బుట్టలోని ఐసు నీళ్లు వాడింది. పసుపు వాసన, కుంకుమ వాసన, మీదుగా కొంచెం నెత్తళ్ల చేపల వాసన.

అదే సమయానికి భాయ్ టోపీ మడుచుకుంటూ లోపలికి వచ్చాడు. డిస్కు చూశాడు. అప్పని చూశాడు. నన్ను చూశాడు.

"నాను అక్కడ దువా సేసి వత్తన్నాను" అన్నాడు మెల్లగా. "ఇక్కడ అప్ప బొట్టెట్టింది. ఇంక ఇది ఆడలేదనుకో, దీనికి ఏ మతమూ లేదన్నమాట."

అతని వెనకే ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది. పాతినుమాయన దిగి, తలగుడ్డ విప్పి మెడ తుడుచుకుంటూ, "ఏది బావ, ఎత్తీమంటావా?" అన్నాడు.

"కూర్సో. టీ తాగు" అన్నాడు భాయ్.

డిస్కుని వెలుగులో పెట్టి పరీక్షగా చూశాను. రాత పడినచోట డిస్కు రంగు కాస్త ముదురుగా ఉంటుంది, రాత పడనిచోట లేతగా ఉంటుంది. రాత లోపలి నుంచి మొదలై అంచువైపు పోతుంది. మూడు బొట్లు అంచున లేత రంగు మీదే ఉన్నాయి, అక్కడ చదవడానికి ఏమీ లేదు. నాలుగోది మాత్రం నీళ్లెక్కువై లోపలికి కారింది. స్టిక్కర్లు అంటించడానికి భాయ్ వాడే సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ అక్కడే ఉన్నాయి. గుండ్రంగా తుడిస్తే గీతలు పడతాయి కాబట్టి మధ్య నుంచి అంచుకి నిట్టనిలువుగా, ఒక్కొక్క గీతే తుడిచాను. కుంకుమ వచ్చేసింది. పసుపు సన్నటి నీడలా మిగిలింది. పసుపు అంత తేలిగ్గా వదిలితే పెళ్లి బట్టలు ఇన్నేళ్లు దాచుకోవడం ఎందుకు?

"మంగళకరం" అంది అప్ప.

డిస్కు లోపలికి తోశాను. డ్రైవు కాసేపు దాన్ని నమిలింది. నీలం తెర. 'ఇన్‌స్టాల్ నౌ'. మౌసు మీద చెయ్యి వేశాను గానీ కదపడానికి ధైర్యం చాల్లేదు.

"కదుపు బావ" అన్నాడు భాయ్.

కదిపాను. బాణం కదిలింది!

నేను సంయమనం గల మనిషిని. ఆ మాట ఆ వేళ అక్కడున్న ముగ్గురూ ఒప్పుకోరు. బాణాన్ని తెర ఈ మూల నుంచి ఆ మూలకి, పై నుంచి కిందికి, ఊరికే తిప్పాను. భాయ్ కూడా ఓసారి తిప్పాడు. అతని చెయ్యి వణుకుతుంటే బాణం కూడా వణికింది, అయినా కదిలింది. పాతినుమాయన టీ పట్టుకుని లేచి వచ్చి, "ఏటది? ఆటా?" అన్నాడు.

ఫైళ్లు కాపీ అవడం మొదలైంది. అంకెలు పెరుగుతున్నాయి. సగం దాటాక ఆగిపోయాయి. డ్రైవు గుర్రుమని, ఆగి, మళ్లీ గుర్రుమంది. బయట పోర్టు వైపు నుంచి ఏదో ఓడ కూత వేసింది.

"పసుపు దగ్గిరికి వచ్చీసింది" అన్నాడు భాయ్.

"నాది కాదు" అంది అప్ప వెంటనే. "నాను అంచునెట్టినాను. తుడిసింది ఈ బాబు."

"ఇంజను ముక్కుతున్నప్పుడు తోయకూడదు" అన్నాడు పాతినుమాయన. అతనికి కంప్యూటర్ సంగతి తెలియదు గానీ ట్రాలీ ఆటో సంగతి తెలుసు. మేం నలుగురం ఒక డబ్బా చుట్టూ నిలబడి అది ముక్కడం విన్నాం. భాయ్ పెదవులు కదులుతున్నాయి. అప్ప కూడా ఏదో గొణుగుతోంది. నేను దేన్ని తలుచుకోవాలో తెలియక తెర మీది శాతాన్ని తలుచుకున్నాను.

డ్రైవు గట్టిగా ఒకసారి దగ్గింది. అంకె ఒకటి పెరిగింది. ఇంకొకటి. ఆ తర్వాత ఒక్కసారిగా దారి దొరికిన చేపలా జర్రున జారుకుంటూ చివరికి వెళ్లిపోయింది.

కంప్యూటర్ ఆరి, వెలిగి, ఆరి, మళ్లీ వెలిగింది. పసుపు బొట్టు మీదుగా వచ్చిన విండోస్ మా ముందు నిలబడింది. ఇది కావాలి, అది కావాలి, నెట్ కావాలి అని ఒక్క మాట అడగలేదు. మసాలా ముందే పట్టి ఉంది. భాయ్ మిషన్ సాఫ్ట్‌వేరు ఎక్కించాను. అప్‌డేట్లు లేకపోతే మొండికేసేది ఈసారి బుద్ధిగా లోపలికెళ్లి కూర్చుంది. మిషన్ స్విచ్చు వేస్తే కత్తి ఉన్న తల కుడికి జరిగి, ఎడమకి జరిగి, తన చోటుకొచ్చి 'టక్' మని ఆగింది. ఆ చప్పుడుకి భాయ్ కళ్లు మూసుకున్నాడు.

"ముందెవరి పేరు?" అన్నాను.

"ముందొచ్చినోళ్లది" అని అప్ప స్టూలు ముందుకు జరుపుకుంది. పేరు చెప్పింది. భాయ్ ఒక్క వేలితో టైపు చేశాడు. వేలు మీట మీద పడటానికి అటూ ఇటూ ఊగింది, పడ్డాక మాత్రం అక్షరం అక్షరంలాగే పడింది. వణుకు తెర దాటి మిషన్లోకి వెళ్లలేదు. పసుపుపచ్చ రేడియం షీటు ముందుకీ వెనక్కీ పరుగులు తీస్తుంటే కత్తి సన్నగా పాడింది.

అది ఆడమనిషి పేరు. "ఎవరప్పా?" అని అడిగాను.

"మా అత్త."

"అత్త పేరు బోటంత పెద్దగానా?"

"బతికున్నన్నాళ్లూ నాను మోసినాను. ఇప్పుడు సముద్రం మోత్తది. అదీ సూడాలి కదా దాని బరువు!"

భాయ్ షీటు మీది వృథా రేడియాన్ని మెల్లగా లాగుతుంటే అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఈకల్లేవు, తోకల్లేవు. నిటారుగా, గుండ్రంగా, వాళ్ల నాన్నగారి బ్రష్షు రాతలా ఉన్నాయి. అక్షరాల అచ్చు ఆయన చేతిరాత చూసి తనే గీసుకున్నానని భాయ్ అప్పుడు చెప్పాడు. ఇన్నేళ్లలో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ అచ్చు ఫైలు భద్రంగా వేరే డిస్కులో ఉందట. అది చదివే మిషన్ ఆ రోజే తూకానికి పోవాల్సింది.

అప్ప షీటు అందుకుని వెలుగులో తిప్పి చూసింది. గుమ్మం బయట అప్పటికే ఇంకో ఇద్దరు బోట్లవాళ్లు నిలబడ్డారు. మిషన్ చప్పుడు వీధిలోకి వినిపించినట్టుంది.

పాతినుమాయన ఖాళీ టీ గ్లాసు కింద పెట్టి మిషన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. అతను తూకం చూస్తున్నాడనుకున్నాను.

"అయితే ఇది ఇయ్యవన్నమాట" అన్నాడు.

"ఇయ్యను" అన్నాడు భాయ్.

అతను తలగుడ్డ చుట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "మరి మా ట్రాలీకి నంబరు రంగు పోనాది. ఎనకాల ఏదో మంచి మాట కూడా ఏయించుకుందామని ఎప్పట్నుంచో ఉన్నాది. ఇప్పుడు కోసిత్తావా?"

భాయ్ తల ఎత్తలేదు. రెండో బోటు పేరు టైపు చేస్తున్నాడు, వేలు ఊగుతూ, పడుతూ.

"లైన్లో నిలబడు బావ" అన్నాడు. "ముందు బోట్లు."